ఆనవాలు పట్టు కణములు

శత్రువును జయించుటకు బలమొక్కటియే చాలదు, శత్రువెవరో తెలియవలయును. ఇల్లు కాచుకొను మనకిది తెలియని సంగతి కాదు. శరీరమునందును ఈ నియమమే చెల్లుచున్నది. రక్తపు క్యాన్సరునకు వచ్చిన యొక నూతన చికిత్సను గూర్చి పత్రికలలో తరచుగా చదువుచున్నాము. రోగి రక్తములోని కణములనే వెలికిదీసి, వానికి క్రొత్త చూపునిచ్చి, తిరిగి రోగికే యెక్కింతురట. దీని మర్మమును సోదరీమణులకు ఇంటి మాటలలో విన్నవింపబూనితిమి.

తెల్ల రక్తకణములలో టి కణములని యొక జాతి కలదు. ఇవి ఎముకల మూలుగలో పుట్టి, రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథిని చేరి అచట శిక్షణ పొందును. ఆంగ్లమున ఆ గ్రంథి పేరు 'టి' అక్షరముతో మొదలగుటచే వీనికీ పేరు కలిగెను. ఆ గ్రంథి ప్రయోజనమును జాక్ మిల్లరను శాస్త్రజ్ఞుడు 1961లో వెల్లడించెను. బడిపంతులుగారి యింటివారమగుటచే మాకు పరీక్షలు పరిచితములే కాని, ఇంత కఠినమైన పరీక్షను మేమెన్నడును వినలేదు. తనవారిని గుర్తింపలేని కణము నశించును. తనవారిపైననే కత్తి దూయు కణమును నశించును. నూటికి 90కి పైగా ఇట్లు రాలిపోగా మిగిలినవే కావలికి వచ్చును.

ఇవి పరులను గుర్తించు విధము మిక్కిలి వింతయైనది. టి కణము మరియొక కణము లోపలికి తొంగిచూడజాలదు. కావున మన దేహమందలి కణములు దాదాపు అన్నియు తమలో తయారగు మాంసకృత్తుల ముక్కలను చిన్న పళ్లెములో నుంచినట్లు వెలుపల ప్రదర్శించుచుండును. లోపల ఏమి వండుచున్నారో అరుగుమీది పళ్లెము చెప్పుటవంటిది ఇది. అది మన వంటయేయైన కావలివాడు సాగిపోవును. వైరస్ లోపల జొరబడినచో దాని ముక్కయు పళ్లెములోనికి వచ్చును. ఇట్టి పరాయి వస్తువునే ప్రతిజనకమందురు. పళ్లెము మనదై యుండవలెను, అందలి ముక్క పరాయిదై యుండవలెను. రెండును కుదిరిననే టి కణము ఆ రోగగ్రస్త కణమును చంపును. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా నగరమున రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీ అనువారు ఎలుకలపై పరిశోధించి ఈ సత్యమును 1974లో ప్రకటించిరి. 1996లో వారికి నోబెల్ బహుమానము లభించెను.

క్యాన్సరు కణమన్ననో మన యింట పుట్టినదే. దాని వంట మన వంటను పోలియుండును. ఒక్కొక్కప్పుడు పళ్లెమునే దాచివేయును. కావలివాడు బలవంతుడై యుండియు ఆనవాలు చిక్కక దాటిపోవును. ఇజ్రాయేలు దేశపు వైజ్‌మన్ సంస్థలో జెలిగ్ ఎష్హరను శాస్త్రజ్ఞుడు 1989లో దీనికొక ఉపాయము చూపెను. రక్తములోని ప్రతిరక్షకములు పళ్లెముతో పనిలేకయే వస్తువును నేరుగా పట్టగలవు. అట్టి ప్రతిరక్షకపు కొనను టి కణపు సంకేతాంగముతో కూర్చి యొక క్రొత్త గ్రాహకమును నిర్మించిరి. నరుడును సింహమును ఒక్క దేహమున కూడిన రూపము మనకు క్రొత్త కాదు గదా! వరబలముచే మీరినవానికి అట్టి రూపమే వలసెను.

పెక్కు రక్తపు క్యాన్సర్లు బి కణములనుండి పుట్టును. వాని పై పొరమీద సి.డి. 19 అను గుర్తు కలదు. రోగి టి కణములను వేరుచేసి, హాని చేయకుండ మార్చిన వైరస్ ద్వారా క్రొత్త గ్రాహకపు జన్యువును వానిలో ప్రవేశపెట్టి, ప్రయోగశాలలో వృద్ధిచేసి, నరము ద్వారా ఎక్కింతురు. అవి ఆ గుర్తుగల కణములను వెదకి చంపును.

పిల్లల రక్తపు క్యాన్సరునకు మొదటి ఆశ చూపిన మందు మన తెలుగువానికి సంబంధించినదే. భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున తయారైన అమినోప్టెరిన్ అను మందుతో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు కొందరు బిడ్డలకు తాత్కాలికముగా గుణము చేకూర్చినట్లు 1948లో ప్రకటించెను. ఆ తరువాత మందులు బహుముఖముల పెరిగినను, కొందరికి రోగము తిరుగబెట్టుచునే యున్నది. 2012లో ఫిలడెల్ఫియా నగరమున అట్టి యారేండ్ల బాలికకు ఈ టి కణములనెక్కించిరి. కణముల పోరు ఉధృతమై, తీవ్రజ్వరముతో ప్రాణము మీదికి వచ్చెను. కీళ్లవాతమునకు వాడు టోసిలిజుమాబ్ అను మందు ఆ ఉధృతిని అణచెను. బాలిక బ్రదికెను, పదేండ్ల తరువాతను రోగము తిరిగిరాలేదు.

అమెరికా ప్రభుత్వము 2017లో ఈ చికిత్సకు అనుమతినిచ్చినపుడు దాని వెల 4,75,000 డాలర్లు. మన దేశమున బొంబాయి ఐ.ఐ.టి., టాటా స్మారక ఆసుపత్రి వారి కృషిచే రూపొందిన చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి లభించెను. ఇది 15 ఏండ్లు నిండిన కొందరు రోగులకై యుద్దేశింపబడినది. వెల అమెరికా వెలలో సుమారు పదవవంతు. అయినను సామాన్య గృహస్థునకు అది ఆస్తులమ్ముకొను వెలయే. ఇంకొక సంగతి: ఈ కణములు చెడ్డ బి కణములతో పాటు మంచివానిని గూడ చంపును. అందుచే రోగికి ఇతర వ్యాధులు సోకకుండ చిరకాలము జాగ్రత్త వహింపవలెను. ఘనమైన గడ్డల విషయమున ఈ చికిత్స ఇంకను రక్తపు క్యాన్సరులోవలె ఫలింపలేదు.

కావున క్రొత్త చికిత్స పేరు విని, వైద్యులు చెప్పిన పాత మందులను మానరాదు. పిల్లలలో అధిక సంఖ్యాకులకు సకాలమున మొదలుపెట్టిన ఆ మందులతోనే రోగము కుదురుచున్నది. బిడ్డకు జ్వరము విడువకున్నను, ముఖము పాలిపోయినను, దెబ్బ తగులకయే ఒంటిపై కమిలిన మచ్చలు కనబడినను, దిష్టి తగిలినదని దినములు గడపక వైద్యునకు చూపుడు. లోపలి కావలివానికి చిక్కని ఆనవాలు ఒక్కొక్కప్పుడు తల్లి కంటికి చిక్కును.