ఎక్స్264: కంటిని నమ్ముకున్న ఎన్‌కోడర్

1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మలో చుక్కకు 3 బైట్ల చొప్పున లెక్కేస్తే ఒక్క ఫ్రేముకే దాదాపు 62 లక్షల బైట్లు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. రెండున్నర గంటల సినిమాను కుదించకుండా దాచాలంటే 1.3 టెరాబైట్ల పైమాటే. దాన్ని ఫోనులో పట్టేంతగా తగ్గించే సాఫ్ట్‌వేరే ఎన్‌కోడర్. నేను చూసినవాటిలో అత్యంత శ్రద్ధగా రాసిన ఎన్‌కోడర్ ఎక్స్264.

ఎక్స్264 అనుసరించే హెచ్.264 వీడియో ప్రమాణం 2003 మే నెలలో ఖరారైంది. కుదించిన ఫైలును విప్పి మళ్లీ బొమ్మగా ఎలా మార్చాలో అది పొల్లుపోకుండా చెబుతుంది. ఎలా కుదించాలో మాత్రం చెప్పదు. ఏ ఫ్రేములో ఎన్ని బిట్లు ఖర్చుపెట్టాలి, ఏ వివరాన్ని వదిలేయాలి అన్నవి ఎన్‌కోడర్ రాసేవారి ఇష్టం. అందువల్ల చూసేవారి ప్లేయర్ పాతదే అయినా, ఎన్‌కోడర్ మెరుగయ్యేకొద్దీ అదే సైజు ఫైలులో బొమ్మ బాగుపడుతుంది. ఎక్స్264 సాధించినదంతా ఈ వెసులుబాటులోనే సాధించింది.

వీఎల్‌సీ ప్లేయర్‌ను తయారుచేసిన వీడియోలాన్ బృందంలోని లోరాన్ ఎమార్ దీన్ని మొదలుపెట్టారు. తర్వాత లోరెన్ మెరిట్, జేసన్ గారెట్-గ్లేసర్ ముందుకు నడిపించారు. మూల కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు.

కుదింపుకు ఆధారమైన గణితం అంతకు చాలా ముందుది. నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు 1974లో ప్రచురించిన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అది. బొమ్మలో మెల్లగా మారే ఛాయలను ఒక పక్కకు, సన్నని గీతలనూ నలకలనూ మరో పక్కకు విడదీస్తుంది. సన్నని వివరాలను ఉజ్జాయింపుగా రాస్తే చోటు మిగులుతుంది. హెచ్.264 వాడేది దీని పూర్ణాంక రూపమే. ఆ ముగ్గురిలో కె. ఆర్. రావు అంటే కామిశెట్టి రామమోహనరావు. గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పారు. ఆయన పేరు మన పిల్లలకు తెలియాలి.

ఎంత ఉజ్జాయించాలన్నదే చిక్కు. అసలు బొమ్మకూ కుదించిన బొమ్మకూ మధ్య చుక్కచుక్కకూ తేడా కొలిచి మార్కులు వేసే పీఎస్ఎన్ఆర్ అనే కొలత ఎక్స్264 తొలి రోజుల్లో రాజ్యమేలింది. మసకబారిన బొమ్మకు ఆ కొలతలో మంచి మార్కులే పడతాయి. కంటికి మాత్రం అది నచ్చదు. గడ్డి మైదానం పచ్చటి ముద్దలా మారితే చూపు వెంటనే పట్టేస్తుంది. గడ్డిపోచలు కాస్త అటూ ఇటూ జరిగితే పట్టించుకోదు. 2008లో ఎక్స్264 రచయితలు మార్కులు తగ్గినా ఫరవాలేదని కంటి పక్షం వహించారు. అసలు బొమ్మలో ఎంత గజిబిజి ఉందో కుదించిన దాంట్లోనూ దాదాపు అంతే ఉండేలా నిర్ణయాలు తీసుకునే పద్ధతి చేర్చారు. ఆకాశం, చీకటి గోడల వంటి నునుపైన చోట్లకు మరిన్ని బిట్లు మళ్లించే ఏర్పాటూ ఆ ఏడాదిదే. రాత్రి సన్నివేశాల్లో గళ్లుగళ్లుగా కనిపించే మచ్చలు దాంతో బాగా తగ్గాయి.

2009లో వచ్చిన ఎంబీ-ట్రీ అనే పద్ధతి నాకు మరీ ఇష్టమైనది. వీడియోలో చాలా ఫ్రేములు పూర్తిగా కొత్తగా రాసినవి కావు. ముందు ఫ్రేములోని ముక్కను తెచ్చుకుని, తేడాను మాత్రం రాసుకుంటాయి. ఎంబీ-ట్రీ రాబోయే కొన్ని పదుల ఫ్రేములను ముందే చూసి, వెనక్కి లెక్క కట్టుకుంటూ వస్తుంది: 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు ఉన్న ఈ గడి మీద ఇకముందు ఎన్ని ఫ్రేములు ఆధారపడబోతున్నాయి? కదలని గోడకు ఇప్పుడే ధారాళంగా బిట్లు ఇస్తుంది. రెప్పపాటులో మాయమయ్యే నీటి తుంపరకు పొదుపుగా ఇస్తుంది. నారుమడికి పెట్టిన ఎరువు పొలమంతటికీ అందినట్టు, ఒకచోటి ఖర్చు తర్వాతి ఫ్రేములన్నిటికీ అక్కరకొస్తుంది.

దృశ్యం మెల్లగా చీకటిలోకి జారేటప్పుడు వెలుగు మార్పును లెక్కలోకి తీసుకునే పద్ధతి కూడా ఆ ఏడాదే చేరింది. వేగానికీ నాణ్యతకూ మధ్య ఎంచుకోవడానికి అల్ట్రాఫాస్ట్ నుంచి ప్లాసిబో దాకా పది మెట్లు ఏర్పాటు చేశారు. చివరిదానికి ఆ పేరెందుకంటే, పట్టే సమయానికి తగ్గ లాభం అందులో దాదాపు ఉండదు.

తర్వాత హెచ్.265 వచ్చింది. 2018లో వచ్చిన ఏవీ1 ప్రమాణం కూడా కంటినే నమ్ముకుంది. పాత ఫిల్ము మీది నలకలను కుదించడం ఎన్‌కోడర్లకు ఎప్పుడూ కష్టమే. ఏవీ1 వాటిని ముందే తీసేసి, వాటి తీరును కొన్ని అంకెల్లో రాసి పంపడానికి వీలిస్తుంది. ఆ అంకెలను బట్టి ప్లేయరే కొత్త నలకలు చల్లుకుంటుంది. అవి అసలు నలకలు కావు, ఉన్నచోట ఉండవు. చుక్కచుక్కకూ కొలిస్తే తేడా కనిపిస్తుంది. తెర మీద చూసేవారికి మాత్రం అది పాత ఫిల్ములాగే కనిపిస్తుంది.