తిరుపతి పక్కన కరీంనగర్

తిరుపతి పక్కన ఏ ఊళ్లున్నాయంటే రేణిగుంట, చంద్రగిరి, పుత్తూరు అని బడిపిల్లలు కూడా చెబుతారు. టెలిఫోన్ కోడ్ల పట్టిక తెరిచి చూస్తే మాత్రం తిరుపతి పక్కన కరీంనగర్ కనబడుతుంది. తిరుపతి కోడ్ 0877, కరీంనగర్ కోడ్ 0878. అదే వరుసలో కాస్త ముందు 0870 దగ్గర వరంగల్. బస్సెక్కితే రెండు గంటల్లో చేరే చిత్తూరు మాత్రం ఎక్కడో 08572 దగ్గర ఉంది. ఒకే జిల్లాగా ఎన్నో ఏళ్లు కలిసి ఉన్న రెండు ఊళ్లు ఫోన్ పట్టికలో ఇంత దూరం కావడానికి తగిన కారణం ఉంది. ఒక ఊరికి నంబర్లు చాలకపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు వెతికిన జవాబు ఆ 0877.

మొదట ఈ కోడ్లు ఎందుకు పుట్టాయో చూద్దాం. ఒకప్పుడు పొరుగూరికి ఫోన్ చేయాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి, ఆపరేటర్ లైను కలిపేదాకా కాచుకుని కూర్చోవాలి. ఆపరేటర్ అవసరం లేకుండా నేరుగా వేరే ఊరికి డయల్ చేసే సౌకర్యం, అంటే ఎస్టీడీ, మన దేశంలో 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. మనిషి చేసే పని యంత్రం చేయాలంటే ఏ ఊరికి పోవాలో దానికి అంకెల్లోనే చెప్పాలి. అందుకని దేశాన్ని 300కు పైగా పెద్ద ప్రాంతాలుగా, వాటిలో మళ్లీ 2,600కు పైగా చిన్న ప్రాంతాలుగా విడగొట్టారు. చిన్న ప్రాంతమంటే ఇంచుమించు పాత తాలూకా అంత. ఒక్కోదానికి ఒక్కో కోడ్.

ఈ కోడ్లు ఒక చెట్టులా కొమ్మలు వేస్తాయి. ముందుండే సున్నా ‘ఇది బయటి ఊరి కాల్’ అని యంత్రానికి చెప్పే గుర్తు మాత్రమే, అసలు లెక్క దాని తర్వాత మొదలవుతుంది. ఢిల్లీ 11, ముంబై 22, కోల్‌కతా 33, చెన్నై 44. ఎనిమిదితో మొదలయ్యే పెద్ద కొమ్మ మీద కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణల్లోని ఊళ్లు కూర్చున్నాయి. అందులో 85 అనే కొమ్మలో రాయలసీమ చాలా భాగం వస్తుంది. కర్నూలు 08518, అనంతపురం 08554, కడప 08562. ఇంకా లోపలికి పోతే 857, 858 రెమ్మలు చాలావరకు ఉమ్మడి చిత్తూరు జిల్లావి. కుప్పం 08570, మదనపల్లె 08571, చిత్తూరు 08572, బంగారుపాళ్యం 08573, సత్యవేడు 08576, పుత్తూరు 08577, శ్రీకాళహస్తి 08578, పలమనేరు 08579. ఈ వరుసలో 08574 కనబడదు. ఒకప్పుడు అది తిరుపతిదే.

జిల్లా కేంద్రం చిత్తూరే అయినా ఫోన్లకు గిరాకీ ఎక్కువగా పెరిగింది తిరుపతిలో. దేవస్థానం కార్యాలయాలు, 1954లో పెట్టిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ఆసుపత్రులు, లాడ్జీలు, ట్రావెల్స్ అన్నీ అక్కడే. దానికి తోడు రోజూ వచ్చిపోయే యాత్రికులు. బస్టాండు చుట్టుపక్కల పసుపు రంగు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అద్దాల తలుపు, లోపల స్టూలు, ఎదురుగా ఎర్రంకెలతో పరుగెత్తే మీటరు, ఫోన్ పెట్టగానే కిర్రుమంటూ బయటికొచ్చే చిన్న బిల్లు. దర్శనమైందని, రైలు దొరికిందని ఊళ్లో వాళ్లకు చెప్పడానికి యాత్రికులు వరుస కట్టేవాళ్లు. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని అప్పటిదాకా ఆగేవాళ్లూ ఉండేవాళ్లు.

ఇప్పుడు లెక్కలోకి వెళ్దాం. మన దేశంలో సున్నా తీసేస్తే ఏ ఫోన్ నంబర్‌కైనా పది అంకెలే. కోడ్, ఊళ్లో నంబర్ కలిపి పదికి మించకూడదు. చిత్తూరు కోడ్ 8572 నాలుగంకెలు, కాబట్టి ఊళ్లో నంబర్‌కు మిగిలేవి ఆరంకెలు. బీఎస్‌ఎన్‌ఎల్ ల్యాండ్‌లైన్ నంబర్లు 2తో మొదలవుతాయి కనుక ఆ మొదటి అంకె పోను ఐదు చోట్లే స్వేచ్ఛగా మారతాయి. అంటే మొత్తం లక్ష నంబర్లు. అదే కోడ్‌లో ఒక్క అంకె తగ్గిస్తే ఊళ్లో నంబర్‌కు ఏడంకెలు దొరుకుతాయి, లక్ష కాస్తా పది లక్షలవుతుంది. పెరిగే పట్నానికి కావలసింది ఇదే, పొట్టి కోడ్.

అయితే 08574లో చివరి 4 కొట్టేసి 0857 ఇచ్చేస్తే పోలేదా? పోదు. ఎక్స్ఛేంజ్ మనం నొక్కే అంకెలను ఎడమ నుంచి ఒక్కొక్కటిగా చదువుకుంటూ పోతుంది. 857 దగ్గరే ‘ఇది తిరుపతి’ అని నిర్ణయించుకుంటే, ఆ తర్వాత వచ్చే 2 తిరుపతిలో ఎవరి నంబర్‌కో మొదటి అంకె అనుకుంటుంది. చిత్తూరుకు చేసిన కాల్ తిరుపతిలో మోగుతుంది. మదనపల్లె, కుప్పం, పలమనేరు కాల్స్‌దీ అదే గతి. అందుకే ఎవరూ లేని ఖాళీ కొమ్మ కావాలి. అలా దొరికింది 877. తిరుపతి తన వాళ్లను వదిలి అక్కడికి మారింది.

కరీంనగర్ కథ కూడా ఇదే. పాత కోడ్ 08722. దాని పక్కనే 08723లో సిరిసిల్ల, 08724లో జగిత్యాల ఉన్నాయి. 872 మొత్తం కరీంనగర్‌కు ఇస్తే అవి ఏం కావాలి? కనుక 878. వరంగల్ 08712 నుంచి 0870కి మారడమూ అందుకే. పెద్దదైన ప్రతి ఊరూ సొంత కొమ్మ విడిచి ఖాళీ కొమ్మకు చేరింది, చేరిన చోట ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి.

పొట్టి కోడ్ ఊరికే రాదు. 877ను తిరుపతికి ఇచ్చామంటే 8770 నుంచి 8779 వరకు పది నాలుగంకెల కోడ్లు ఒక్క ఊరే వాడేసుకున్నట్టు. హైదరాబాద్ 40 అయితే అలాంటివి వంద తీసుకుంది. పట్నానికి పొట్టి కోడ్ ఇచ్చిన ప్రతిసారీ రేపు మరో పది పల్లె ప్రాంతాలకు ఇవ్వగల కోడ్లు ఖర్చవుతాయి. ఈ రంగంలో ప్రణాళిక అంటే ప్రధానంగా ఈ పొదుపే.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు తిరుపతి జిల్లాలోకి నెల్లూరు వైపు నుంచి సూళ్లూరుపేట, వెంకటగిరి, గూడూరు వచ్చాయి. వాటి కోడ్లు 08623, 08625, 08624. కలెక్టరేట్ మారింది, కోడ్ మారలేదు. ఇది మంచి పనే అంటాను. పాలనా సరిహద్దులు ఎప్పుడైనా మారతాయి. ఫోన్ నంబర్ దుకాణం బోర్డు మీద, పెళ్లి శుభలేఖ మీద, మందుల చీటీ మీద, మనుషుల జ్ఞాపకంలో పాతుకుపోయి ఉంటుంది. దాన్ని కదిలించాలంటే తప్పనిసరి కారణం ఉండాలి. లండన్ నగరం ఈ విషయంలో పెద్ద పాఠం. 1990లో అక్కడి కోడ్‌ను రెండుగా విడగొట్టారు, 1995లో దానికి ఒక అంకె చేర్చారు, 2000లో మళ్లీ ఒకే కోడ్‌గా కలిపారు. పదేళ్లలో మూడు మార్పులు. ముందుచూపు ఉంటే ఒక్కదానితో సరిపోయేది.

మన దగ్గర ముందుచూపు లేకపోలేదు. 2003లో టెలికాం శాఖ జాతీయ నంబరింగ్ ప్రణాళిక తెచ్చింది. 2030 నాటికి దేశంలో 75 కోట్ల ఫోన్లు ఉంటాయని, అందులో 45 కోట్లు మొబైల్, 30 కోట్లు ల్యాండ్‌లైన్ అని అంచనా వేసింది. మొబైల్‌కు 9 అంకె కేటాయించారు, ఎందుకంటే ఎస్టీడీ కోడ్లు ఏవీ 9 కొమ్మ మీద లేవు. ల్యాండ్‌లైన్ నంబర్లకు ముందు 2 వచ్చి చేరింది. మిగతా కంపెనీల ల్యాండ్‌లైన్లకు 3, 4, 5, 6 దాచిపెట్టారు. అంచనా రెండు వైపులా తలకిందులైంది. మొబైళ్లు 2009లోనే 45 కోట్లు దాటాయి. ల్యాండ్‌లైన్లు 30 కోట్లు కాదు కదా, 6 కోట్లకు కూడా ఎన్నడూ చేరలేదు. 2024 మార్చి నాటికి మొత్తం ఫోన్లు 120 కోట్లకు చేరువైతే అందులో ల్యాండ్‌లైన్లు మూడున్నర కోట్ల లోపే. 9 చాలక 8, ఆపైన 7, ఆ తర్వాత 6 కూడా మొబైల్‌కు తెరిచారు.

అక్కడే మన తిరుపతి మళ్లీ లెక్కలోకి వచ్చింది. అమెరికా నుంచి కొడుకు ఇంటి ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేస్తే ముందు 91, తర్వాత 877, తర్వాత 2తో మొదలయ్యే నంబర్ నొక్కుతాడు. సున్నా ఉండదు. అంటే 8772తో మొదలయ్యే పది అంకెల నంబర్ ఇప్పటికే తిరుపతిలో ఒక ఇంటిది. దాన్ని ఏ మొబైల్‌కూ ఇవ్వకూడదు. 85722తో మొదలయ్యేవి చిత్తూరువి, అవీ ఇవ్వకూడదు. బెంగళూరు 80, భోపాల్ 755, పట్నా 612, అన్నింటి దగ్గరా ఇదే అడ్డు. తిరుపతిలో పది లక్షల నంబర్ల చోటు ల్యాండ్‌లైన్లకు దాచి ఉంది. ఇళ్లలో ఆ ఫోన్లు ఒక్కొక్కటిగా పోతున్నా ఆ చోటు మాత్రం మూసి ఉంది. మొబైల్ నంబర్ల కరువంటే నిజానికి మొదటి అంకెల కరువు. చోటు ఉంది, చోటికి దారి లేదు.

ఆ దారి తెరిచే ఉపాయంగానే సున్నా వచ్చింది. 2020 మే 29న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సిఫార్సు చేసింది. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసే ప్రతి కాల్‌కూ ముందు సున్నా నొక్కాలి. తిరుపతిలో ల్యాండ్‌లైన్ మీద 2 నొక్కితే ఎక్స్ఛేంజ్ అది ఊళ్లో నంబర్ అనుకుంటుంది, కాబట్టి 2తో మొదలయ్యే మొబైల్ ఉండడానికి వీల్లేదు. మొబైల్‌కు ఎప్పుడూ సున్నాతోనే పోవాలన్నప్పుడు ఆ తికమక ఉండదు. ఈ ఒక్క మార్పుతో 254 కోట్లకు పైగా కొత్త నంబర్లకు వీలు కలుగుతుందని లెక్క తేలింది. 2021 జనవరి 15 నుంచి అది అమల్లోకి వచ్చింది. మొబైల్ నంబర్ పదకొండు అంకెలవుతుందని అప్పట్లో వార్తలు పాకాయి, తాము అలా చెప్పలేదని ట్రాయ్ వెంటనే వివరణ ఇచ్చింది. పదకొండు చేయకపోవడం ప్రజలకు మేలు. ఒక్క అంకె పెరిగితే బ్యాంకులు, రేషన్ కార్డులు, ఆసుపత్రి రికార్డులు, గ్యాస్ బుకింగ్, అన్ని చోట్లా పది గళ్లకు అలవాటుపడిన వ్యవస్థలు మార్చాలి. ఆ మార్పు సగంలో ఆగిన చోట నష్టపోయేది పింఛను ఓటీపీ కోసం ఎదురుచూసే ముసలివాళ్లు. మనుషులు మాట్లాడని సిమ్‌లకు, అంటే కార్డు గీకే యంత్రాలు, వాహనాల్లో పెట్టే ట్రాకర్ల లాంటి వాటికి 2018లోనే పదమూడు అంకెల నంబర్లు వేరుగా ఇచ్చారు. అదీ వివేకమైన పనే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇదంతా కొత్త కాదు. డాలస్ ప్రాంతానికి 1947లో 214 కోడ్ ఇచ్చారు. నంబర్లు చాలక 1996లో శివార్లను విడదీసి 972 చేశారు. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో అలా 972లోకి వెళ్లాయి. శివార్లలో అందరూ కోడ్ మార్చుకోవలసి వచ్చింది. 1999లో మళ్లీ కొరత వస్తే ఈసారి ఎవరినీ కదిలించకుండా అదే నేల మీద 469 అనే కొత్త కోడ్ పరిచారు. 2021లో 945 కూడా అలాగే వచ్చింది. పాత నంబర్ ఉన్నవాళ్లకు పాతదే ఉంటుంది, కొత్త కనెక్షన్‌కు కొత్త కోడ్. దీనికి ప్రజలు చెల్లించే మూల్యం ఒక్కటే. పక్కింటికి ఫోన్ చేసినా కోడ్‌తో సహా పది అంకెలూ నొక్కాలి. నాకు ఈ పద్ధతే మానవీయంగా కనిపిస్తుంది. కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఉన్నవాళ్ల నంబర్ చెరపకుండా, అందరూ తలా కాస్త శ్రమ పంచుకునే పద్ధతి ఇది.

మన ట్రాయ్ కూడా అటువైపే అడుగు వేసింది. 2025 ఫిబ్రవరిలో చేసిన సిఫార్సుల ప్రకారం ల్యాండ్‌లైన్ నుంచి ల్యాండ్‌లైన్‌కు ఊళ్లోనే చేసినా సున్నా, కోడ్, నంబర్ మొత్తం నొక్కాలి. తిరుపతిలో కొర్లగుంట నుంచి భవానీ నగర్‌కు చేసినా 0877 తప్పదు. ఉన్న నంబర్లు, కోడ్లు అలాగే ఉంటాయి. తాలూకా పరిమాణంలో కత్తిరించిన నంబర్ల వాటాలను టెలికాం సర్కిల్ స్థాయిలో కలిపి చూడాలన్నది అసలు ఆలోచన. సత్యవేడులో మిగిలిపోయినవి తిరుపతికి అక్కరకు రాని పద్ధతి ఇక చాలన్నమాట. వాడని సిమ్‌లను 90 రోజుల లోపు తీసేయకూడదని, ఏడాది దాటితే తప్పక తీసేయాలని కూడా అందులోనే చెప్పారు. తీసేసిన నంబర్ మరొకరికి వెళుతుంది. అందుకే పాత నంబర్ వదిలేసేవాళ్లు ముందుగా బ్యాంకుకు, ఆధార్‌కు కొత్త నంబర్ ఇచ్చుకోవడం మరిచిపోకూడదు.

తిరుపతిలో ఇలాంటి మార్పు ఎక్కువగా తగిలేది ఇళ్లకు కాదు, లాడ్జీలకు, ఆసుపత్రులకు. అక్కడి ఇంటర్‌కమ్ పెట్టెలో ముందు ఏ అంకె నొక్కితే బయటి లైను రావాలి, ఆ తర్వాత ఎన్ని అంకెలు పోనివ్వాలి అన్నది ఎవరో ఎప్పుడో అమర్చి ఉంటారు. ఏడంకెలకే ఆపేలా అమర్చిన పెట్టె 0877ను బయటికి పోనివ్వదు. రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయికి కాల్ ఎందుకు పోవడం లేదో తెలియదు, అర్ధరాత్రి డాక్టర్ కోసం చేసే కాల్ అయితే తెలుసుకునే తీరికా ఉండదు. మార్పు తేదీకి నెలల ముందే ఆ పెట్టెలు సరిచేయించాలి. కొన్నాళ్లపాటు పాత పద్ధతిలో నొక్కినా ‘ముందు 0877 కలపండి’ అని తెలుగులో, తమిళంలో, హిందీలో ప్రకటన వినిపించాలి. తిరుపతిలో ఫోన్ ఎత్తేవాళ్లు ఆ మూడు భాషల వాళ్లూ ఉంటారు. గాలిగోపురం దాకా కనబడే లాడ్జీ బోర్డుల మీద వట్టి ఏడంకెలు రాయించినవాళ్లు రంగు వేయించే తడవలోనే ముందు 0877 చేర్పించుకుంటే మళ్లీ ఖర్చు ఉండదు.