మీకు తెలుసా? ఏడాదికి బడి ఎన్ని రోజులు?

బడి ఏడాదికి కనీసం ఎన్ని రోజులు నడవాలో 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో ఉంది. ఈ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం 1 నుంచి 5 తరగతులకు 200 పనిదినాలు, 800 బోధన గంటలు తప్పనిసరి. 6 నుంచి 8 తరగతులకైతే 220 రోజులు, 1,000 గంటలు. అంటే చిన్నపిల్లలకు సగటున రోజుకు 4 గంటలు, పెద్దపిల్లలకు నాలుగున్నర గంటల చదువు. ఉపాధ్యాయులకు వారానికి 45 గంటల పని. పాఠం సిద్ధం చేసుకునే సమయమూ అందులోనిదే. గంట ఎన్నింటికి కొట్టాలో మాత్రం చట్టం చెప్పదు, అది రాష్ట్రాల ఇష్టం. ఎండాకాలపు ఒంటిపూట బడులు అలా రాష్ట్రాలు పెట్టుకునేవే.

శ్రీకాకుళం జిల్లాలో వజ్రపుకొత్తూరు లాంటి ఉద్దానం తీర మండలాల్లో ఈ లెక్కను తప్పించేది తుపాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి కొబ్బరి, జీడి చెట్లను నేలకూల్చింది. అలాంటప్పుడు బడి తెరవడం అటుంచి, దారి తెరుచుకోవడమే కష్టం. అయినా అనుబంధంలో తుపానుకంటూ మినహాయింపు లేదు. పోయిన రోజులను రెండో శనివారం వంటి సెలవుల్లో బడి పెట్టి పూడ్చుకోవడం రాష్ట్రంలో ఉన్న పద్ధతే. 9, 10 తరగతులకు ఈ అనుబంధం వర్తించదు.