మదర్‌బోర్డు విద్యుత్ వినియోగం - శీతలీకరణ: డెస్క్‌టాప్ ప్రాసెసర్ల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
డెస్క్‌టాప్ కంప్యూటర్ల ఎంపికలో ప్రాసెసర్ పెట్టెపై ముద్రించిన వాట్ల సంఖ్యనే ప్రమాణంగా తీసుకోవడం పరిపాటి. ఆ ప్రాసెసర్ ఎంత విద్యుత్తు వాడుకోవాలో నిర్ణయించడంలో మదర్‌బోర్డుకు ప్రధాన పాత్ర ఉంది. ఒకే తరహా మదర్‌బోర్డుపై వేర్వేరు ప్రాసెసర్లను అమర్చినప్పుడు విద్యుత్ వినియోగం, వేడి, శీతలీకరణ అవసరాలు ఎలా మారతాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మదర్‌బోర్డు, ప్రాసెసర్, వోల్టేజి, విద్యుత్ పరిమితి, శీతలీకరణ.

1. ప్రవేశిక:
ప్రాసెసర్ వాడుకొనే విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. ట్రాన్సిస్టర్లు పనిచేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు పౌనఃపున్యానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. ఈ రెండూ 10 శాతం చొప్పున పెరిగితే వేగం మహా అయితే 10 శాతం పెరుగుతుంది. ఖర్చు మాత్రం 33 శాతం పెరుగుతుంది. చివరి కొద్దిపాటి వేగం కోసం చెల్లించే మూల్యం అధికమని దీనివల్ల స్పష్టమవుతుంది.

2. ముద్రిత సంఖ్య - వాస్తవ వినియోగం:
థర్మల్ డిజైన్ పవర్ అనేది ప్రధానంగా శీతలీకరణ సాధనాల రూపకల్పనకు ఉద్దేశించిన సంఖ్య. దానిని గరిష్ఠ వినియోగంగా భావించరాదు. ఏఎండీ సంస్థ ఏఎం5 సాకెట్ ప్రాసెసర్లలో రైజెన్ 5 7600కు ఈ సంఖ్య 65 వాట్లు. సాకెట్ ద్వారా అందే విద్యుత్తుకు పరిమితి 88 వాట్లు. రైజెన్ 9 7950ఎక్స్‌కు ఇవి వరుసగా 170, 230 వాట్లు. ఇంటెల్ సంస్థ 2021లో వచ్చిన 12వ తరం నుంచి మూల వినియోగాన్ని, గరిష్ఠ వినియోగాన్ని వేర్వేరుగా ప్రకటిస్తోంది. కోర్ ఐ3-12100కు ఇవి 60, 89 వాట్లు కాగా, కోర్ ఐ9-14900కెకు 125, 253 వాట్లు. ఈ రెండు ఇంటెల్ ప్రాసెసర్ల సాకెట్ ఒక్కటే.

3. మదర్‌బోర్డుపై పడే భారం:
పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు తగినట్లు ఒక వోల్టుకు కాస్త అటూ ఇటూగా తగ్గించే పని వోల్టేజి నియంత్రక విభాగానిది. ఉదాహరణకు 1.3 వోల్టుల వద్ద 89 వాట్లు అందించడానికి సుమారు 68 ఆంపియర్లు, 253 వాట్లకు సుమారు 195 ఆంపియర్లు అవసరం. నిరోధం వల్ల కలిగే నష్టం కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి ఆ నష్టం దాదాపు 8 రెట్లవుతుంది. తక్కువ ధర బోర్డుల్లో ఈ విభాగానికి హీట్‌సింక్ ఉండకపోవచ్చు. అది మితిమీరి వేడెక్కితే బోర్డు ప్రాసెసర్ వేగాన్ని తగ్గిస్తుంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత మామూలుగా ఉన్నా వేగం పడిపోవడానికి ఇది ఒక కారణం.

4. శీతలీకరణ:
కూలర్ సామర్థ్యాన్ని గది ఉష్ణోగ్రత కంటే ఎన్ని డిగ్రీలు అధికమైందన్న లెక్కలో చూడాలి. వాటుకు 0.25 డిగ్రీలు పెరగనిచ్చే కూలర్‌ను ఉదాహరణగా తీసుకుంటే, 200 వాట్ల వద్ద పెరుగుదల 50 డిగ్రీలు. 25 డిగ్రీల గదిలో అది 75 డిగ్రీలకు చేరుతుంది. తెలుగు ప్రాంతాల వేసవిలో ఏసీ లేని 40 డిగ్రీల గదిలో 90 డిగ్రీలకు చేరుతుంది. అదే కూలర్‌తో 88 వాట్ల ప్రాసెసర్ ఆ గదిలోనూ 62 డిగ్రీల వద్ద ఉంటుంది.

గాలి దిశ కూడా ముఖ్యమే. పై నుంచి కిందికి వీచే ఫ్యాన్ గాలి చుట్టూ ఉన్న నియంత్రక విభాగాన్నీ చల్లబరుస్తుంది. ద్రవ శీతలీకరణకు మారితే ప్రాసెసర్ చల్లబడినా, బోర్డుకు ఆ గాలి అందదు. అప్పుడు కేబినెట్ ఫ్యాన్ల అవసరం పెరుగుతుంది.

5. బోర్డు అమరికల ప్రభావం:
అధిక వేగం చూపడానికి కొన్ని బోర్డుల తయారీదారులు విద్యుత్ పరిమితులను సడలించిన అమరికలతోనే విక్రయించడం జరిగింది. 13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో తలెత్తిన అస్థిరతకు కారణాలను ఆ సంస్థ 2024లో వెల్లడించింది. బోర్డుల అమరికలు తన మార్గదర్శకాలను మించడం, మైక్రోకోడ్ అధిక వోల్టేజిని కోరడం వాటిలో ఉన్నాయి. సవరించిన మైక్రోకోడ్‌ను బయాస్ నవీకరణల ద్వారా అందించారు. అయితే అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్లను అది బాగుచేయలేదు.

6. ముగింపు:
• సాకెట్ సరిపోవడం అమరికకు మాత్రమే హామీ. గరిష్ఠ వినియోగాన్ని బోర్డు ఎంతసేపు భరించగలదన్నది వేరుగా పరిశీలించాలి.
• కూలర్‌ను గరిష్ఠ వినియోగానికీ, వేసవి గది ఉష్ణోగ్రతకూ తగినట్లు ఎంచుకోవాలి.
• బయాస్‌లో విద్యుత్ పరిమితిని తగ్గిస్తే స్వల్ప వేగ నష్టంతో గణనీయంగా వేడి తగ్గుతుంది. ఏఎండీ బోర్డుల్లోని ఎకో మోడ్ ఇందుకు ఉద్దేశించినదే.
• కళాశాల ప్రయోగశాలల్లో పదుల సంఖ్యలో యంత్రాలు ఒకే గదిలో పనిచేస్తాయి. ఒక్కో యంత్రంలో 100 వాట్లు తగ్గితే, 30 యంత్రాలున్న గదిలో 3 కిలోవాట్ల వేడి తగ్గుతుంది. కొనుగోలు నిర్ణయంలో ప్రాసెసర్, మదర్‌బోర్డు, కూలర్ మూడింటినీ ఒకే వ్యవస్థగా చూడటం అందుకే అవసరం.