బజారులో నాలుగు క్రియోల్ మాటలు

మారిషస్‌లో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్ళేటప్పుడు ఇంగ్లీషుంటే చాలనుకున్నాను. పోర్ట్ లూయీ కూరగాయల బజారులో నా ఇంటర్ ఇంగ్లీషు ఒక్క ముక్క పనికొస్తే ఒట్టు! ఇంట్లో, బజార్లో అంతా క్రియోలే. 1715 నుంచి 1810 దాకా ఫ్రెంచివాళ్ళు ఏలిన కాలంలో, ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసల నోళ్ళలో ఫ్రెంచి మారి మారి పుట్టిన భాష అది.

నీళ్ళు ‘దిలో’, బియ్యం ‘దిరి’, ఉప్పు ‘దిసెల్’, బెండకాయ ‘లాలో’. మునగాకు ‘బ్రెద్ మురుమ్’. అందులో అరవవాళ్ళ మురుంగై వినపడటం లేదూ? క్రియలతో తంటా లేదు. ‘మో పే మాంజే’ అంటే తింటున్నాను, ‘మో తి మాంజే’ అంటే తిన్నాను. మధ్య ముక్క మారిస్తే సరి.

శనివారం నాడు నేను నీచు ముట్టను. ఆ రోజే బజార్లో నూడుల్స్ నోట్లో పెట్టుకున్నాక కోడి ముక్క తగిలింది. ఇంటికొచ్చి ఏడ్చినంత పని చేశాను. పక్కింటి పెద్దావిడ మన కోరంగి రేవు నుంచి వెళ్ళిన కూలీల సంతతే, తెలుగు మాత్రం రాదు. ఆవిడే నాచేత పదిసార్లు పలికించింది: “మో పా మాంజ్ లావియాన్.” నేను మాంసం తినను అని.

మర్నాడు ధోల్ పురీ బండి దగ్గర అదే అన్నాను. ఆయన నవ్వి, టమాటా రుగాయ్ రాసి జంట పురీలు చేతిలో పెట్టాడు. పప్పు కూరిన మన బొబ్బట్టే, తీపి లేదంతే. “కొమియే?” అన్నాను. ధర గడగడా చెప్పేశాడు. “దుస్మా, దుస్మా” అంటే మెల్లిగా వేళ్ళు చూపించాడు.