చాట పక్కన పుస్తకం

ఒక అక్క ఉంది. పేరు మీ ఇష్టం, ఏదైనా పెట్టుకోండి. నిజామాబాద్ వైపు ఒక ఊరు ఆమెది అనుకుందాం. వయసు 30. బీడీలు చుడుతుంది. ఏడో తరగతిలో బడి మానింది. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. చదివే అలవాటు పోయింది. రాసే అలవాటూ పోయింది. తర్వాత ఊళ్ళో చదువుల కేంద్రం పెడితే మళ్ళీ పలక పట్టింది. ఇప్పుడు పేపరు చదువుతుంది. పొదుపు సంఘం పుస్తకంలో లెక్క తనే చూసుకుంటుంది.

ఒక రోజు ఆమె మనసులో ఒక మాట పుట్టింది. ‘నేను డిగ్రీ చదవగలనా?’

పైకి అంటే నవ్వుతారని భయం. రెండు రోజులు ఆగింది. మూడో రోజు రాత్రి అన్నం పెడుతూ మెల్లగా అన్నది. పెనిమిటి ఏమీ అనలేదు. అత్త మాత్రం ఊరుకోలేదు.

“చదువుతవు, మంచిగనే ఉంది. మరి బీడీలు ఎవరు చుట్టాలె?”

అత్త అడిగినది తప్పు కాదు. ఆ ఇంట్లో కూరగాయలు వచ్చేది బీడీల పైసలతోనే. అక్క దానికి జవాబు చెప్పాలి. జవాబు చెప్పాలంటే ముందు దారి తెలియాలి. దారి ఎంత పొడుగు? ఎన్నేళ్ళు పడుతుంది? రోజుకు ఎంతసేపు కూర్చోవాలి? ఈ పాఠంలో ఆ లెక్క ఉంది.

ఇంటికి వచ్చే చదువు

మనం బడికి పోయి చదివే చదువు ఒకటి. మన ఇంటికి వచ్చే చదువు మరొకటి. దీనినే దూరవిద్య అంటారు. పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవాలి. వీలున్నప్పుడు చదువుకోవాలి. సెలవు రోజుల్లో దగ్గరి స్టడీ సెంటరులో క్లాసులు ఉంటాయి. చివర పరీక్ష రాయాలి.

ఈ విషయంలో తెలుగువాళ్ళు దేశానికే దారి చూపారు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలయింది. దేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారు దాని మొదటి వైస్ ఛాన్సలర్. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఢిల్లీలో 1985లో ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది. దానిని ఇగ్నో అంటారు. దానికి కూడా మొదటి వైస్ ఛాన్సలర్ రాంరెడ్డి గారే.

డిగ్రీకి మూడు మెట్లు ఉన్నాయి. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ. మూడు మెట్లూ ఇంటి దగ్గర ఉండే ఎక్కవచ్చు.

మొదటి మెట్టు: పదో తరగతి

‘నేను ఏడుతోనే మానాను. ఎనిమిది, తొమ్మిది చదవలేదు. పది ఎట్లా రాస్తాను?’ అని అక్కకు సందేహం. ఓపెన్ స్కూల్‌లో ఆ అడ్డం లేదు. 14 ఏళ్ళు నిండాలి. చదవడం, రాయడం రావాలి. నేరుగా పదిలో చేరవచ్చు. తెలంగాణకు ఒక ఓపెన్ స్కూల్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి ఉంది. దేశం మొత్తానికీ జాతీయ ఓపెన్ స్కూల్ ఉంది. అది 1989లో మొదలయింది.

పాసు కావాలంటే ఐదు సబ్జెక్టులు కావాలి. వాటిలో కనీసం ఒకటి భాష. మిగిలినవి మనం ఎంచుకోవచ్చు. లెక్కలు అంటే భయం ఉన్నవారు లెక్కలు తీసుకోకపోయినా నడుస్తుంది. హోమ్ సైన్స్ వంటి సబ్జెక్టు కూడా ఉంది. తిండి, ఆరోగ్యం, ఇంటి ఖర్చు, పిల్లల పెంపకం అందులో పాఠాలు. ఆ పాఠాలు సగం మనకు తెలిసినవే.

ఇంకొక మంచి సంగతి ఉంది. ఐదూ ఒకేసారి పాసు కానక్కరలేదు. ఒకసారి చేరితే ఐదేళ్ళ గడువు ఉంటుంది. ఆ ఐదేళ్ళలో తొమ్మిదిసార్లు పరీక్ష రాయవచ్చు. ఈసారి రెండు పాసయితే ఆ రెండూ మన ఖాతాలో నిలిచిపోతాయి. మళ్ళీ రాయనక్కరలేదు. వచ్చేసారి మిగిలిన మూడు రాస్తే చాలు. ఇదివరకు బడిలో పది తప్పినవారు కూడా అప్పుడు పాసయిన సబ్జెక్టుల మార్కులు కొన్ని ఇక్కడికి మార్పించుకోవచ్చు. పాత మార్కుల కాగితం పెట్టె అడుగున ఉంటే తీసి చూడండి. అది పనికిరాని కాగితం కాదు.

జాతీయ ఓపెన్ స్కూల్‌లో మనం సిద్ధం అయినప్పుడు పరీక్ష రాసే పద్ధతి కూడా ఉంది. కొన్ని కేంద్రాల్లోనే అది జరుగుతుంది. ఆడవారికి అక్కడ ఫీజులో తగ్గింపు ఉంది.

రెండో మెట్టు: ఇంటర్

ఇంటర్ కూడా ఓపెన్ స్కూల్‌లోనే చదవవచ్చు. ఇక్కడ కూడా సబ్జెక్టులు ఒకటొకటిగా పాసు కావచ్చు. కానీ ఒక నిబంధన గుర్తుంచుకోవాలి. పది పాసయిన రోజుకూ, ఇంటర్ పూర్తయ్యే రోజుకూ మధ్య రెండేళ్ళు ఉండాలి. తొందరపడినా ముందుగా సర్టిఫికెట్ రాదు. అందుకని ఆ రెండేళ్ళనూ నిదానంగా వాడుకోవచ్చు.

అంబేద్కర్ యూనివర్సిటీలో చాలా ఏళ్ళు ఒక దగ్గరి దారి ఉండేది. పది, ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరేవారు. ఎంతోమంది అలా డిగ్రీ తెచ్చుకున్నారు. కానీ కొన్ని ఉద్యోగాలకు డిగ్రీ ఒక్కటే చాలదు. ‘పది చూపించు, ఇంటర్ చూపించు, తర్వాత డిగ్రీ చూపించు’ అని వరుసగా అడుగుతారు. మెట్టు దాటి ఎక్కినవారు అక్కడ ఆగిపోతారు. అందుకని మూడు మెట్లూ వరుసగా ఎక్కడమే మంచిది. రెండు మూడేళ్ళు ఎక్కువ పడితే పడనీయండి.

మూడో మెట్టు: డిగ్రీ

తెలుగులో డిగ్రీ చదవాలంటే అంబేద్కర్ యూనివర్సిటీ అనువుగా ఉంటుంది. బి.ఏ., బి.కాం. వంటి డిగ్రీలు అక్కడ తెలుగులో ఉన్నాయి. పుస్తకాలు వాళ్ళే ఇస్తారు. స్టడీ సెంటర్లు ఎక్కువగా ప్రభుత్వ కాలేజీల్లో ఉంటాయి. ఇగ్నోలో ఎక్కువ పాఠాలు ఇంగ్లీషులో, హిందీలో ఉంటాయి. ఇగ్నోలో మూడేళ్ళ డిగ్రీని ఆరేళ్ళ లోపు ఎప్పుడైనా పూర్తి చేయవచ్చు. ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో పరీక్షలు జరుగుతాయి. ఇంటి దగ్గర రాసి ఇచ్చే జవాబులకు కూడా మార్కులు ఉంటాయి. చాలా పేపర్లలో నూటికి 30 మార్కులు వాటికే.

క్రెడిట్ అంటే అప్పు కాదు

డిగ్రీ కాగితాల్లో ‘క్రెడిట్’ అనే మాట కనబడుతుంది. అది చూసి ‘అప్పు చేయాలా?’ అని అక్క భయపడింది. ఇక్కడ క్రెడిట్ అంటే అప్పు కాదు. జమ. పొదుపు సంఘంలో వారం వారం పైసలు జమ చేస్తాం కదా. అలాగే పేపరు పాసయినప్పుడల్లా చదువు జమ అవుతుంది.

దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలని యు.జి.సి. 2022లో చెప్పింది. యు.జి.సి. అంటే ఢిల్లీలో యూనివర్సిటీలను చూసే సంస్థ.

ఈ జమకు ఒక బ్యాంకు కూడా ఉంది. 2021లో పెట్టారు. అందులో పైసలు ఉండవు. మనం పాసయిన క్రెడిట్లు ఉంటాయి. ఒకచోట చదివిన చదువు ఇంకొకచోటికి తీసుకుపోవచ్చు. మధ్యలో కాన్పు వచ్చినా, జబ్బు చేసినా, ఊరు మారినా చదివింది గంగలో కలవదు. కానీ ఎంతకాలమైనా ఉండదు. ఏడేళ్ళ వరకే చెల్లుతుంది.

2017లో కేంద్ర ప్రభుత్వం ‘స్వయం’ అని ఒకటి మొదలుపెట్టింది. ఫోనులో పాఠాలు చూడవచ్చు. పాఠాలకు ఫీజు లేదు. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, కేంద్రానికి పోయి పరీక్ష రాయాలి. యూనివర్సిటీ ఒప్పుకుంటే ఆ క్రెడిట్లు మన డిగ్రీలో కలుస్తాయి. ఒక సెమిస్టర్‌లో నూటికి 40 వంతుల వరకు ఇలా తెచ్చుకోవచ్చు. ఫీజు కట్టక ముందే ‘ఈ పాఠం నా డిగ్రీలో కలుస్తుందా?’ అని అడగాలి. కట్టిన తర్వాత అడిగితే లాభం లేదు.

అత్తకు చెప్పిన లెక్క

ఇప్పుడు అక్క పెన్సిల్ పట్టింది. 120 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 30 గంటలు. మొత్తం 3,600 గంటలు. అంత పెద్ద అంకె చూసి గుండె జల్లుమన్నది. తర్వాత దానిని ముక్కలు చేసింది.

మూడేళ్ళలో చదివితే ఏడాదికి 1,200 గంటలు. రోజుకు మూడు గంటల పైమాటే. అది ఆమె వల్ల కాదు.

ఆరేళ్ళలో చదివితే ఏడాదికి 600 గంటలు. రోజుకు సుమారు గంటా నలభై నిమిషాలు.

పది గంటలు కూర్చుంటే అక్క వెయ్యి బీడీలు చుడుతుంది. అంటే గంటకు వంద. గంటా నలభై నిమిషాలు అంటే సుమారు 170 బీడీలు. రోజుకు 170 బీడీల కూలి పోతుందా? అత్త అడిగింది ఇదే.

అక్క ఇంకా ఆలోచించింది. బీడీలు చుట్టేటప్పుడు చేతులకు పని ఉంది. కళ్ళకు పని ఉంది. చెవులకు పని లేదు. టీ-శాట్ చానెళ్ళలో పాఠాలు వస్తాయి. అవి వినవచ్చు. ఆమె బిడ్డ తొమ్మిదో తరగతి. సాయంత్రం బిడ్డ పక్కన కూర్చుని అమ్మ పుస్తకం పైకి చదువుతుంది. అలా నలభై నిమిషాలు. బిడ్డకు కూడా చదువే. మిగిలిన గంట మాత్రం రాయడానికి కావాలి. పొద్దున అందరూ లేవకముందు అరగంట, రాత్రి అరగంట. పరీక్షల నెలలో మాత్రం బీడీలు తగ్గుతాయి. ఆ నెల కోసం ముందు నుంచే సంఘంలో కొంచెం ఎక్కువ జమ చేయాలి.

పొద్దున అరగంట, రాత్రి అరగంట రావాలంటే పెనిమిటి నీళ్ళు తేవాలి, అత్త పొయ్యి చూడాలి. ఇల్లంతా ఒక చెయ్యి వేయకపోతే ఈ లెక్క నిలవదు. ఆ మాట కూడా అక్క దాచలేదు. ఇద్దరి ముందూ చెప్పింది.

వయసు లెక్క కూడా వేసింది. ఇప్పుడు 30. పది అయ్యేసరికి 31. ఇంటర్ అయ్యేసరికి 33. డిగ్రీ అయ్యేసరికి 39. అప్పటికి చిన్న కొడుకు కూడా కాలేజీకి వస్తాడు. తల్లీ కొడుకూ ఒకే బల్ల మీద చదువుకోవచ్చు.

మోసపోవద్దు

‘నెలలో డిగ్రీ ఇప్పిస్తాం, పరీక్ష అక్కరలేదు’ అని కొందరు తిరుగుతారు. నమ్మవద్దు. పైసలు పోతాయి. ఆ కాగితం ఎక్కడా చెల్లదు. దానిని ఉద్యోగానికి చూపిస్తే కేసు కూడా అవుతుంది. దూరవిద్యకు యు.జి.సి. ఒప్పుకున్న యూనివర్సిటీల పేర్లు ఇంటర్‌నెట్‌లో ఉంటాయి. చదువుకున్న పిల్లల చేత చూపించుకోండి.

ఇంకొక మాట. అన్ని చదువులూ ఇంటి దగ్గర కుదరవు. నర్సు, డాక్టరు, ఇంజనీరు చదువులు దూరవిద్యలో ఉండవు. అవి కాలేజీకి పోయి చదవాలి. ‘నాకు ఏ పని కావాలి?’ అని ముందు అనుకుని, తర్వాత సబ్జెక్టు ఎంచుకోవాలి.

పేరు సంగతి కూడా చూసుకోవాలి. పెళ్ళయిన తర్వాత చాలామందికి ఇంటి పేరు మారుతుంది. ఆధార్‌లో ఒక పేరు, బడి కాగితంలో ఒక పేరు ఉంటుంది. పుట్టిన తేదీ కూడా వేరుగా ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పడిన పేరు, తేదీ జీవితమంతా నడుస్తాయి. ఫారం నింపే రోజే అన్నీ ఒకటిగా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. ఫీజు కట్టిన రశీదు పారేయవద్దు.

అక్క లెక్క అంతా అత్తకు చదివి వినిపించింది. అత్త చాలాసేపు మాట్లాడలేదు. చాట ముందు కూర్చుని కట్టలు లెక్కపెట్టింది. చివరికి అన్నది.

“పొద్దుగాల పొయ్యి నేను చూస్తలే. ముందుగాల ఆ పది పాస్ గా.”

ఆలోచించండి, చెప్పండి

1. ఓపెన్ స్కూల్‌లో పది చదవాలంటే ఎన్ని సబ్జెక్టులు పాసు కావాలి?
2. క్రెడిట్ అంటే ఏమిటి? మీ మాటల్లో చెప్పండి.
3. మీ రోజులో చదువుకు గంటా నలభై నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? పలక మీద రాయండి.
4. మీ ఇంట్లో ఎవరు ఏ పని తీసుకుంటే మీకు ఆ సమయం దొరుకుతుంది? ఇంటికి పోయి అడిగి రండి.