ముఖపత్రం మీద ఎవరిని నిలపాలి?

ఒక కొత్త పాఠశాల పత్రికను ఊహించుకోవాలి. దానికి ముఖపత్రం తయారు చేయాలి. విషయసూచిక నమూనా కూర్చాలి. ముఖపత్రం మీద ఒక విద్యార్థి ఛాయాచిత్రం ఉండాలి. అది ఛాతీ నుంచి తల వరకు కనిపించే ‘మీడియం క్లోజప్’ కావాలి. పైన పత్రిక పేరు, చుట్టూ పొందికగా అమర్చిన శీర్షికలు. పని ఇంతే.

ఇంగ్లండులో ఓ.సి.ఆర్. అనే పరీక్షా మండలి 2008లో ప్రవేశపెట్టిన మీడియా స్టడీస్ పాఠ్యక్రమంలో, అచ్చు మాధ్యమాన్ని ఎంచుకున్న పదహారు పదిహేడేళ్ల విద్యార్థులకు ఇచ్చిన తొలి అభ్యాసం ఇది. తరువాత వారు ఒక సంగీత పత్రికకు ముఖపత్రం, విషయసూచిక, రెండు పుటల వ్యాసం రూపొందించేవారు. 2017 నుంచి ఆ పాఠ్యక్రమం స్థానంలో కొత్తది వచ్చింది. అయినా ఆ చిన్న అభ్యాసం నేర్పిన పాఠం నేటికీ పాతబడలేదు.

చూచేవారికి ఇది పిల్లల ఆటవలె తోచవచ్చు. బ్రిటన్‌లో మీడియా స్టడీస్‌ను ‘మిక్కీ మౌస్ సబ్జెక్టు’ అని ఎగతాళి చేసినవారు లేకపోలేదు. కాని ఖాళీ పుట ముందు కూర్చున్న విద్యార్థికి త్వరలోనే ఒక సత్యం బోధపడుతుంది: పుట మీదికి ఏదీ తనంతట తాను వచ్చి చేరదు. ప్రతి అక్షరాన్నీ, ప్రతి రంగునూ, ప్రతి ముఖాన్నీ ఎవరో ఒకరు ఎంపిక చేస్తారు.

అక్షరాలకూ గొంతు ఉంటుంది

మొదటి నిర్ణయం పత్రిక పేరును ఏ టైపులో వేయాలన్నది. లండన్‌లోని ‘ది టైమ్స్’ దినపత్రిక 1932లో తన కోసం ప్రత్యేకంగా టైమ్స్ న్యూ రోమన్ అనే టైపును సిద్ధం చేయించుకున్నది. అక్షరాల కొసలకు సన్నని గీతలుండే ఆ టైపులో ఏది చదివినా ఒక పెద్దమనిషి మాట్లాడుతున్నట్లు ఉంటుంది. 1994లో విన్సెంట్ కొనేర్ బొమ్మల కథల పుస్తకాలలోని అక్షరాలను చూచి రూపొందించిన కామిక్ సాన్స్‌ది మరొక గొంతు. అది పసివాళ్లతో ముచ్చటాడే గొంతు. పరీక్షల ప్రకటనకు దీనిని వాడితే చదువరికి నవ్వు వస్తుంది. ఒకటవ తరగతి పిల్లల పాటలకు మొదటి టైపు వాడితే పిల్లలు దూరంగా జరుగుతారు.

కంప్యూటరు చేతికి వచ్చిన ఉత్సాహంలో కొత్త విద్యార్థి ఒకే పుటలో ఆరేడు టైపులను, పది రంగులను కుమ్మరించడం సహజం. రెండు మూడు టైపులు, రెండు మూడు రంగులు చాలును. ముఖపత్రంలో వాడినవే విషయసూచికలోనూ కనిపించాలి. అప్పుడే ఆ రెండు పుటలూ ఒకే ఇంటి బిడ్డలని తెలుస్తుంది.

బార్‌కోడు దేనికి?

పని ఆరంభించే ముందు విద్యార్థులు అంగళ్లలో అమ్మే పత్రికలను పరిశీలిస్తారు. అరలలో పత్రికలు ఒకదానిపై ఒకటి వాలి ఉన్నప్పుడు సాధారణంగా ముఖపత్రం ఎడమవైపు భాగమే కొనేవారి కంట పడుతుంది. అందుచేత ఆకర్షణీయమైన శీర్షికలను అక్కడ పేరుస్తారు. ఒక మూల బార్‌కోడు ఉంటుంది. 977తో మొదలయ్యే ఆ సంఖ్యలో, పత్రికలకు కేటాయించే అంతర్జాతీయ సంఖ్య ఇమిడి ఉంటుంది.

విద్యార్థి ఇవన్నీ శ్రద్ధగా తన పుటలోకి దించుకున్నాడనుకుందాం. ఉపాధ్యాయుడు అడుగవలసిన ప్రశ్న అప్పుడే పుడుతుంది: తరగతి గదిలో ఉచితంగా పంచే పత్రికకు బార్‌కోడు దేనికి? ‘అవసరం లేదు’ అని తీసివేయవచ్చు. ‘చూడగానే పత్రిక అని తెలియడానికి’ అని ఉంచనూవచ్చు. ఏది చేసినా కారణం చెప్పగలగాలి. ఆ పాఠ్యక్రమంలో 100 మార్కులకు గాను పరిశోధనకు, ప్రణాళికకు 20, తయారీకి 60, తన పనిని తానే విమర్శించుకొనుటకు 20 కేటాయించారు. విమర్శలోని చివరి ప్రశ్న విద్యార్థిని మళ్లీ పాఠశాల పత్రిక వద్దకే తీసుకుపోయేది: అక్కడ మొదలుపెట్టి ఇక్కడికి వచ్చేసరికి ఏమి నేర్చుకున్నావు?

ఆ ముఖం ఎవరిది?

అన్నిటికంటె కఠినమైన నిర్ణయం ఛాయాచిత్రం. పాఠశాలలో వందలాది ముఖాలుంటాయి. ముఖపత్రం మీద చోటు ఒక్కరికే. ఇస్త్రీ మడత నలగని దుస్తులలో, చేతిలో బహుమతితో చిరునవ్వు నవ్వే విద్యార్థినిని నిలిపితే, ‘ఇదే మా పాఠశాల’ అని ప్రకటించినట్లవుతుంది.

జమైకాలో జన్మించి బ్రిటన్‌లో స్థిరపడిన మేధావి స్టూవర్ట్ హాల్ 1973లో టెలివిజన్ గురించి వ్రాసిన సంగతి ఇక్కడా వర్తిస్తుంది. పంపినవారి అర్థాన్ని అందుకున్నవారందరూ యథాతథంగా స్వీకరించరు. కొందరు అంగీకరిస్తారు. కొందరు కొంత ఒప్పుకొని కొంత సవరించుకుంటారు. కొందరు ఎదురు తిరిగి చదువుతారు. మన ఊరి బడిలోనే అటువంటి ముఖపత్రం వెలువడిందనుకుందాం. ప్రధానోపాధ్యాయుడు దానిని చూచి సంతోషిస్తారు. ఒక తల్లి, ‘బాగానే ఉంది కాని, మా పిల్లవాడి తరగతికి ఇంకా లెక్కల మాస్టారు రాలేదే’ అనుకుంటుంది. వెనుక బెంచీలో కూర్చునే పిల్ల, ‘నాలాంటి వాళ్లను ఇక్కడ ఎందుకు వేస్తారు’ అని పుట తిప్పేస్తుంది. పత్రిక ఒక్కటే, చదువులు మూడు.

ఇంకొక బాధ్యత కూడా ఉన్నది. ఎంచుకున్నంత మాత్రాన ఆ ముఖం మన సొత్తు కాదు. ఫోటో వేయడానికి ఆ విద్యార్థి ఇష్టపడాలి; తల్లిదండ్రులు అనుమతించాలి. అచ్చయి వందల ఇళ్లకు చేరిన బొమ్మను వెనక్కి తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు.

మన వార్షిక సంచికలు

ఈ దృష్టితో మన పాఠశాలల వార్షిక సంచికలను తెరచి చూడండి. పెక్కింటిలో ముందు పుటలు ప్రముఖుల సందేశాలకు, యాజమాన్యం ఛాయాచిత్రాలకు పోతాయి. పిల్లల కథలు, బొమ్మలు ఎక్కడో వెనుక మొదలవుతాయి. ఆ సంచికను ఎవరి మెప్పు కోసం వేశారో పుటల వరుసే చెబుతుంది.

దీనిని మార్చడానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. తెల్లకాగితం, పెన్సిలు, కత్తెర, జిగురు ఉంటే ఏ తరగతిలోనైనా ముఖపత్రం తయారవుతుంది. పిల్లలకు నాలుగు ప్రశ్నలు ఇస్తే చాలును: ఇది ఎవరి కోసం? వారి చేతికి ఎట్లా చేరుతుంది? బొమ్మలో ఉన్నది ఎవరు? లేనిది ఎవరు?

ఒక పుటను తన చేతులతో కూర్చిన పిల్లవాడు మరునాడు వార్తాపత్రిక తెరచినప్పుడు, అందులో ఉన్నవారిని చూచి ఊరుకోడు. లేనివారి కోసం కూడా వెదుకుతాడు.